కచ్చేరి అర్జీ నుండి శ్రవణపరీక్ష వరకు: అనంతపుర సీమలో భాషాపరీక్షల చరిత్ర

1800 సంవత్సరాంతమున నిజాము తన యేలుబడిలోని బళ్ళారి, కడప, అనంతపుర ప్రాంతములను ఆంగ్లేయుల తూర్పు ఇండియా కుంఫిణీకి వదలుకొనిన పిమ్మట, ఆ దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురమును ముఖ్యస్థానముగా చేసికొని, 1807 వరకు ఈ పీఠభూమియందు ఊరూరను గుడారములు వేయించుకొనుచు సంచరించెను. ఆయన స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించినవాడు. కావున తొలినాళ్ళలో అనంతపుర కచ్చేరియందు వినబడిన దొరతనపు ఆంగ్లము లండను నగరపు విద్వద్గోష్ఠులలోని ఆంగ్లము కాదు. ఉత్తరదేశపు వర్తకుల యింట పుట్టి, సిపాయిల పటాలములలో పెరిగి, పారసీకమును హిందూస్థానీని కన్నడమును తనలో కలుపుకొనిన ఒకానొక ఆంగ్లము. ఆంగ్లభాషకు రూపభేదములు కలవని నేటి పండితులు గ్రంథములు వ్రాయుచున్నారు గాని, ఆ భేదములు ఈ నల్లరేగడి చేలకును గులకరాతి మిట్టలకును ఆంగ్లముతో కూడనే వచ్చినవి.

మన్రో దొరకు దేశభాషాజ్ఞానము అలంకారము గాక రాజ్యాంగమునకు ప్రాణమై యుండెను. జమీందారుల చేతికి ఊళ్ళను గుత్తకిచ్చి శిస్తు పిండుకొనుటను మాన్పి, ప్రతి రైతుతోను సర్కారే నేరుగా ఒడంబడిక చేసికొనెడి రైతువారీ పద్ధతిని ఆయన స్థిరపరచెను. పొలము పొలమును కొలిపించి, మన్ను మన్నునకు తరము కట్టించి, రైతునకు పట్టా వ్రాయించి యిచ్చినప్పుడు, ఆ రైతు చెప్పుకొనెడి మొర దొర చెవికి సోకక దుబాసీ నోటిలోనే అణగిపోయినచో పద్ధతి యంతయు కరణముల చేతిలోను అమీనుల చేతిలోను చిక్కుకొనును. చెఱువు తెగినదో, వాన పడనిదో, పైరు ఎండినదో తెలియవలెనన్నచో కదిరి రైతు మాటయు గుత్తి రైతు మాటయు కలెక్టరునకు అర్థము కావలెను. భాష తెలియని అధికారి వలన ప్రజకు కలుగు నష్టము కఱవు వలన కలుగు నష్టమునకు తీసిపోదని ఆనాటి పాలకులలో కొందఱైనను గ్రహించిరి. ఈ గ్రహింపు నుండియే మన దేశమున భాషాపరీక్షల చరిత్ర మొదలగుచున్నది. ఆ మొదటి పరీక్షలలో పరీక్షింపబడినవారు దొరలు. పరీక్షావిషయము మన భాష.

1812లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అను విద్వాంసుని కృషివలన చెన్నపట్టణమున సెయింట్ జార్జి కోట కళాశాల వెలసెను. ఆంగ్లసీమనుండి దిగిన చిన్నదొరలు అందు మునిషీల యొద్ద దేశభాషలను అభ్యసించి, పరీక్షకు నిలిచి, నెగ్గిన తరువాతనే మండలములకు ఉద్యోగులై పోవలసియుండెను. ఆ కళాశాల పాలకమండలియందు సభ్యుడైన అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటింపగా, దాని పీఠికలోనే తెలుగు తమిళ కన్నడములు సంస్కృతజన్యములు కాక వేఱొక కుటుంబమునకు చెందినవని ఎల్లిస్ నిరూపించెను. పరీక్షార్థులకై పుట్టిన పుస్తకమునందు ఒక భాషాకుటుంబము బయల్పడుట లోకమున తఱచు జరుగునది కాదు.

ఆ కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు గారి యొద్ద తెలుగు అక్షరములు దిద్దుకొని, 1820లో పరీక్ష నెగ్గి, కడప కలెక్టరునకు సహాయకుడై దత్తమండలమునకు వచ్చినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆ యేటనే గవర్నరు పీఠమెక్కిన మన్రో కళాశాల విద్యార్థులను ఉద్దేశించి దేశభాషల ఆవశ్యకతను గూర్చి చేసిన ప్రసంగము తన మనస్సున నాటుకొనెనని బ్రౌను పిమ్మట వ్రాసికొనెను. బ్రౌను దొర వేమన పద్యములను ఉద్ధరించుట, నిఘంటువులు రచించుట తెలుగువారందఱు ఎఱిగిన కథలే; వేమన సమాధి యున్నదని జనులు నమ్మెడి కటారుపల్లె గల కదిరి తాలూకా అప్పటికి కడప మండలములోనిదే యనియు, 1910లో మాత్రమే అనంతపురములో కలిసెననియు ఇచ్చట జ్ఞప్తి చేసినచో చాలును. ఈ వ్యాసమునకు కావలసినది ఆయన చేసిన మఱియొక పని. అంతగా ఎవరును తలపనిది.

కళాశాలలో నెగ్గి వచ్చిన దొరకు కచ్చేరిలో ఎదురగు తెలుగు వేఱు. కరణము వ్రాసిన గొలుసుకట్టు వ్రాతలో అక్షరము అక్షరమును పెనవైచుకొని యుండును. మాటకు మాటకు నడుమ ఎడము ఉండదు. అరబ్బీ, పారసీ, మరాఠీ పదములు తెలుగు విభక్తులు తొడుగుకొని వరుస కట్టుచుండును. జమాబందీ, కిస్తు, తక్కావి, దరఖాస్తు, తాఖీదు, ఫైసలా మొదలగు మాటలు లేనిదే ఒక్క అర్జీయైనను ముగియదు. మునిషీ నేర్పిన వసుచరిత్రము ఈ అర్జీని చదువుటకు అక్కఱకు రాదు. ఇది కన్నులార చూచిన బ్రౌను, సొంత వ్యవహారపు జాబులను, కొలువు జాబులను, పోలీసు సంగతులను, శిస్తు సంగతులను యథాతథముగా సేకరించి, ఆంగ్లానువాదముతోను వ్యాకరణవివరణముతోను చిన్న పదపట్టికతోను 1852లో తెలుగు రీడరు అను పుస్తకమును ప్రకటించెను. కచ్చేరి మాటలకై ఒక జిల్లా నిఘంటువును, తెలుగులో కలిసిన అన్యదేశ్యములకై ఒక మిశ్రభాషా నిఘంటువును కూర్చెను. ఇన్నింటియందును ఆయన చూపిన వివేకము ఒక్కటే: ప్రజ వ్రాసెడి తీరున వ్రాసిన జాబును చదివి అర్థము చేసికొనలేనివాడు ఎన్ని కావ్యములు చదివినను భాష తెలిసినవాడు కాడు. వ్యాకరణదోషములతోను, అక్షరస్ఖాలిత్యములతోను కూడిన ఒక పేదరైతు అర్జీని ఆయన దిద్ది శుద్ధి చేయలేదు. అది యున్నట్లే చదువుట నేర్చుకొమ్మని తనవారిని శాసించెను.

1853లో ఆయన మఱియొక పుస్తకమును ఆంగ్లీకరించి చెన్నపట్టణమున అచ్చు వేయించెను. అది రాజుల యుద్ధములు; అనంతపుర చరిత్ర. సుమారు 1750 మొదలు 1810 వఱకు ఈ సీమలో వ్రాయబడిన తెలుగు వచనమది. హండె వంశపు నాయకుల పోరాటములు, మొరారి రావు దండయాత్రలు, మైసూరు నవాబుల రాకపోకలు, కోటలు పడుట, పన్నులు పెరుగుట, ఇవన్నియు ఏ కవియు పద్యములు కట్టక, లెక్కలు వ్రాయుట కలవాటుపడిన చేతితో, జరిగినది జరిగినట్లు చెప్పబడినవి. ఆ కాలపు పండితులు ఆ వచనమును వాఙ్మయమని యంగీకరించి యుండరు. అటువంటి వ్యావహారికవచనమును కాలక్షేపకథయని త్రోసివేయక, గ్రంథముగా మన్నించి, లండను వారి చేతికి కూడ అందజేసిన ఘనత బ్రౌను దొరదే. అనంతపురపు కరణముల తెలుగును మొట్టమొదట ఆదరించిన విమర్శకుడు ఇంగ్లీషువాడగుట మనకు ఆలోచింపదగిన విషయము.

ఇక మన పిల్లల చదువు ఆనాడు ఎట్లుండెనో చెప్పవలెను. గవర్నరుగా మన్రో 1822లో రాజధాని యందలి పాఠశాలల లెక్కలు పంపుడని కలెక్టరుల నందఱను ఆజ్ఞాపింపగా, అప్పటికి బళ్ళారి కలెక్టరై యుండిన పైన చెప్పిన వ్యాకరణకర్త క్యాంబెల్ 1823 ఆగస్టులో నివేదికను పంపెను. నేటి అనంతపుర మండలములో అధికభాగము అప్పుడు బళ్ళారిలోనిదే. 9,27,857 మంది జనమున్న ఆ మండలములో 533 పాఠశాలలు, వానిలో 6,641 మంది విద్యార్థులు. కన్నడము చెప్పెడివి 235, తెలుగు చెప్పెడివి 226, మరాఠీ 23, పారసీకము 21, తమిళము 4, బ్రాహ్మణులకు సంస్కృతమున శాస్త్రములు చెప్పెడివి 23, ఆంగ్లము చెప్పెడిది ఒక్కటే యొక్కటి. ఈ లెక్కలు చదువునప్పుడెల్ల ఈ పీఠభూమి ఏకభాషాప్రాంతము ఎన్నడును కాదను సత్యము నా మనస్సునకు తోచును. మడకశిరలో ఉదయమున కన్నడము మాటలాడినవాడు హిందూపురపు సంతలో మధ్యాహ్నమునకు తెలుగు మాటలాడుట నేటికిని వింత కాదు.

ఆ నివేదికలో లెక్కలకంటె విలువగల భాగము వేఱొకటి కలదు. పిల్లలు బడులలో చదువునది పద్యభాషయనియు, అది వారు మాటలాడు భాషకును వ్రాతకోతల భాషకును మిక్కిలి దూరమైనదనియు, అందుచేత వారు రామాయణ భారత భాగవతములను కంఠస్థము చేయుదురే గాని అర్థమెఱుగరనియు, అర్థము చెప్పగల ఉపాధ్యాయులును అరుదనియు క్యాంబెల్ వ్రాసెను. అదే నివేదికలో, సీమనూలుగుడ్డల దిగుమతివలన సాలెవాండ్రు బ్రతుకుతెరువు కోల్పోయి, దేశము దరిద్రమై, పిల్లలను బడికి పంపలేని స్థితి వచ్చినదని తన సర్కారునకే వ్రాయుటకు ఆయన వెనుదీయలేదు. కంఠస్థము చేయుట చదువగునా, అర్థము చేసికొనుట చదువగునా యను ప్రశ్న ఆంగ్లము రాకముందే మన బడులలో నుండెను. ఆంగ్లము వచ్చి ఆ ప్రశ్నను తీర్పలేదు, మఱింత జటిలము చేసినది.

1835లో మెకాలే ప్రభువు నివేదనము, 1844లో హార్డింజి ప్రభువు ఉత్తర్వు, 1857లో చెన్నపురి విశ్వవిద్యాలయ స్థాపనము: ఈ మూడింటితో పరీక్షాపీఠము దిశ మారెను. ఆంగ్లము చదివినవారికి సర్కారు కొలువులలో మొదటి స్థానమని హార్డింజి చెప్పిన నాటినుండి పరీక్షింపబడువారు మనవారు, పరీక్షావిషయము దొరల భాష. మెట్రిక్యులేషను పరీక్షయందు ఆంగ్లముతోపాటు మఱియొక భాషయు ఉండెనుగాని చరిత్రయైనను గణితమైనను ఆంగ్లముననే వ్రాయవలెను. పూర్వము సెయింట్ జార్జి కోటలో దొరను పరీక్షించినవారు ఇతడు రైతు మాటను గ్రహింపగలడా యని విచారించిరి. ఇప్పుడు మనవానిని పరీక్షించువారు ఇతడు దొరవలె వ్రాయగలడా యని విచారింపసాగిరి. ఈ రెండు విచారణలకును గల అంతరమే ఈ చరిత్రకు కీలకమని నా విశ్వాసము.

ఈ సీమలో ఆ పరీక్షలకు కలిగిన గౌరవమునకు కారణము ఆకాశముననే వెదకవలెను. కనుమల నడుమ వర్షచ్ఛాయలో పడియున్న ఈ మండలమున ఏటి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు కాలమునకు పడునను నమ్మకము లేదు. 1876 నుండి రెండేండ్లు కాల్చివేసిన ధాత కఱవును ఇచ్చటి ముదుసలులు తమ తాతల నోట విన్న కథగా నిన్నమొన్నటి దాక చెప్పుచుండిరి. 1882లో బళ్ళారినుండి విడివడి అనంతపురము ప్రత్యేకమండలమైనప్పుడు తాలూకా కచ్చేరులు, కోర్టులు, రైల్వే ఆఫీసులు పెరిగి, గుమాస్తా కొలువులు పుట్టుకొని వచ్చెను. వేరుసెనగ పండినను ఎండినను నెలకు నెల జీతము తెచ్చునది పరీక్ష కాగితమొక్కటియే. అందుచేత మెట్రిక్ పాసైనాడనుట ఒక బిరుదాయెను. మెట్రిక్ ఫేలనుట కూడ, అంతదాక చదివినవాడను అర్థమున, పెండ్లిచూపులలో గౌరవముతో చెప్పుకొనెడి మాటయాయెను. దీనిని చూచి నవ్వువారు కఱవు నెఱుగనివారు.

పుస్తకములలో నేర్పినది ఒక ఆంగ్లము. చెవికి సోకినవి పెక్కు ఆంగ్లములు. గుంతకల్లు రైల్వేకూడలిలో ఆంగ్లో ఇండియను డ్రైవరులును గార్డులును మాటలాడెడిది ఒక తీరు. వారితో మెలగెడి తమిళ గుమాస్తాల భాష మఱియొక తీరు. గుత్తిలో లండను మిషను పాదరులు బైబిలు నుండి నేర్పినది వేఱు. రామగిరి బంగారుగనులకు వచ్చిన కుంఫిణీల వారి వాడుక వేఱు. గుత్తిలో ప్లీడరీ చేయుచు హిందూ పత్రికకు వార్తలు వ్రాసి, సర్కారు అన్యాయములను చెన్నపట్టణమునకు తెలియజేసిన పి. కేశవపిళ్ళై గారి ఆంగ్లము ఈ సీమ ప్రజల పక్షమున నిలిచిన ఆంగ్లము. బస్సు, స్టేషను, రిజిస్ట్రారు అను మాటలు అజంతములై తెలుగులో ఇమిడిపోయిన విధముననే, మన సంబోధనలును, మన వినయమును, మన వాక్యపు తూగును మనవారి ఆంగ్లములో ఇమిడిపోవసాగెను.

దీనిని దొరలోకము రెండు విధముల చూచినది. చెన్నపురి రాజధానిలో జడ్జీగా పనిచేసిన ఆర్థర్ బర్నెల్, హెన్రీ యూల్ కలిసి కూర్చగా 1886లో వెలువడిన హాబ్సన్ జాబ్సన్ అను నిఘంటువు, భారతదేశపు మాటలు ఆంగ్లములో చేరిన తీరును ఆదరముతో వివరించినది. అయిదేండ్లకు, 1891లో, ఆర్నల్డ్ రైట్ అనునతడు భారతీయ పత్రికలలోని ఆంగ్లవాక్యములను ఏఱి, బాబుల ఇంగ్లీషని పేరిడి, నవ్వుకొనుటకై ఒక పుస్తకము ప్రకటించెను. బ్రౌను మన అర్జీలను సేకరించినది అర్థము చేసికొనుటకు. రైటు మన వాక్యములను సేకరించినది పరిహసించుటకు. నలువదేండ్లలో ఇంత మార్పు! పరభాషలో వ్రాయ సాహసించిన వాని తప్పును ఎత్తిచూపి నవ్వుట అప్పటినుండి ఒక విద్వల్లక్షణమై, ఆ జాడ్యము మన ఉపాధ్యాయులకును అంటుకొని, నేటికిని మన తరగతిగదులలో పిల్లల నోరు కట్టివేయుచున్నది.

1916లో అనంతపురమున దత్తమండల కళాశాల స్థాపితమైనది. ఆ కళాశాలలో తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావు గారే 1928లో నంద్యాల సభయందు దత్తమండలమను పేరు అవమానకరమని చెప్పి రాయలసీమ యను పేరును ప్రతిపాదించిరి. 1937లో ఆంధ్రభాషాచరిత్రమును వెలువరించిరి. అంతకు ముందే తెలుగు కూడ పరీక్షాశాలలో బోనెక్కినది. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును గ్రాంథికమున వ్రాయవలెనా, శిష్టవ్యవహారమున వ్రాయవచ్చునా యను వివాదము రాజుకొని, గిడుగు రామమూర్తి పంతులు గారు 1913లో ఆధునికాంధ్రమును గూర్చి తమ విజ్ఞాపనమును ప్రకటించిరి. జయంతి రామయ్య పంతులు గారు ఎదురు నిలిచిరి. నేను గ్రాంథికమునే వ్రాయుచున్నను, పరీక్షలో బాలుడు తన భాషలో వ్రాసినందులకు సున్న పొందుట న్యాయమని ఎన్నడును అనుకొనలేదు.

ఆ వివాదము సాగుచున్న కాలమున పుట్టినవారే పుట్టపర్తి నారాయణాచార్యులు గారు. 1914లో అనంతపురము దగ్గరి చియ్యేడున జన్మించి, పెనుకొండలో పెరిగి, పదునాలుగు భాషలు నేర్చినవారని పేరొందిరి. బాల్యముననే పెనుగొండలక్ష్మి కావ్యమును రచించిరి. పిదప విద్వాన్ పరీక్షకు తాము కూర్చొన్నప్పుడు ఆ కావ్యమే తమకు పాఠ్యగ్రంథమై యుండుట తెలుగుదేశమంతట ప్రసిద్ధమైన సంగతి. తాను వ్రాసిన కావ్యముపై తానే పరీక్ష వ్రాయవలసిన కవికి, పరీక్షయనునది జ్ఞానమును ఏ మాత్రము కొలువగలదో ఎవరును చెప్పనక్కఱలేదు. పెనుకొండలో సబ్ కలెక్టరు భార్యయైన పిట్ దొరసాని గారు ఆయనకు ఆంగ్లసాహిత్యమును చెప్పిరని వారి చరిత్రకారులు వ్రాయుదురు. బంగళాలో ఒక ఆంగ్లవనిత, ఎదుట ఒక వైష్ణవబాలుడు. నడుమ పరీక్షాధికారి లేడు, మార్కులు లేవు. ఆ బాలుని ఆంగ్లము ఏ తరగతికి చెందినదని ఆ తల్లి కొలిచియుండదు. చదువు అట్లు అబ్బినవారు బహుభాషావేత్తలగుదురు.

ఇక విదేశీయులకై ఆంగ్లజ్ఞానపరీక్ష యనునది ఆంగ్లసీమలోనే 1913లో పుట్టినది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆ యేట పెట్టిన ప్రావీణ్యపరీక్షకు కూర్చొన్నవారు ముగ్గురు, ముగ్గురును తప్పిరి. అనువాదము, వ్యాసము, సాహిత్యము, వ్యాకరణముతోపాటు ధ్వనిశాస్త్రమును అందు పరీక్షావిషయముగా పెట్టిరి. అనగా ఎట్లు పలుకవలెనో ఒక్క నమూనా ముందే నిర్ణయమైపోయినది. 1964లో అమెరికాలో టోఫెల్, 1989లో బ్రిటను ఆస్ట్రేలియాల ఉమ్మడి యత్నమున ఐఇఎల్‌టీఎస్ వచ్చినవి. నేడు అనంతపురము, హిందూపురము, ధర్మవరముల యువజనులు బెంగళూరు రైలెక్కి శిక్షణశాలలలో చేరి వ్రాయుచున్నవి ఇవియే. ఐఇఎల్‌టీఎస్ శ్రవణపరీక్షయందు బ్రిటిషు, ఆస్ట్రేలియా, న్యూజీలాండు, ఉత్తరామెరికా ఉచ్చారణలను వినిపింతుమని నిర్వాహకులే చెప్పుదురు. ఆ పరీక్ష వ్రాసెడి లక్షలాది భారతీయుల ఉచ్చారణము ఆ జాబితాలో లేకుండుట పొరపాటు కాదు. పరీక్ష ఎవరి చెవిని ప్రమాణముగా పెట్టుకొనినదో తెలుపు గుర్తు.

ఈ విషయమున తెలుగుదేశమునకు గర్వింపదగిన చరిత్ర యొకటి కలదు. 1958లో హైదరాబాదున కేంద్రీయ ఆంగ్లసంస్థ స్థాపితమైనది. నేటి ఆంగ్ల విదేశీభాషా విశ్వవిద్యాలయము అదియే. ఆ సంస్థ 1969లో ప్రకటించిన ఆర్.కె. బన్సల్ గారి గ్రంథము, భారతీయుల ఆంగ్లము పరులకు ఏ మేరకు బోధపడునను ప్రశ్నను శాస్త్రీయముగా విచారించినది. భారతీయుల మాటలను ఆంగ్లేయులకు వినిపింపగా సగటున నూటికి 70 పాళ్ళు బోధపడినవి. బోధపడని చోట్ల ముఖ్యకారణము, పదములో ఏ అక్షరమును ఒత్తి పలుకవలెనో అది మారుట. తెలుగువాడు ప్రతి అక్షరమునకు సమానమైన కాలమిచ్చును, ఆంగ్లేయుడు ఒకదానిని ఒత్తి తక్కినవానిని మ్రింగును. ఇట్టి విచారణ నిర్దాక్షిణ్యమైనను న్యాయమైనది. ఎచ్చట దిద్దుకొనవలెనో చూపుచున్నది గాని ఎవరివలె నటింపవలెనో చెప్పుట లేదు. 1985లో, కాశ్మీరమున పుట్టి అమెరికాలో ఆచార్యుడైన బ్రజ్ కచ్రూ, ఆంగ్లమునకు ఒక్క గృహము కాక మూడు వలయములు కలవనియు, భారతదేశపు ఆంగ్లము తప్పుల కుప్ప కాక స్వతంత్రమైన రూపమనియు వాదించెను. దానిని ఖండించుచు, ఒక్క ప్రమాణము లేనిదే బోధన సాగదని బ్రిటిషు భాషావేత్త రాండల్ఫ్ క్వర్క్ చెప్పెను. బీదవాని బిడ్డకు లోకమంతట చెల్లెడి ఆంగ్లము కావలెనను క్వర్క్ మాటలో నిజము లేకపోలేదు. అయినను చెల్లుబాటును నిర్ణయించు వేదికయందు ఆ బిడ్డ పక్షమున మాటలాడువాడు లేనప్పుడు ఆ నిజము సగమే.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీసుతో ఒడంబడిక చేసికొని సర్కారు బడులలో మూడవ తరగతి నుండియే టోఫెల్ శిక్షణము ప్రవేశపెట్టగా, తరువాత వచ్చిన ప్రభుత్వము దానిని విరమించినది. కళ్యాణదుర్గము, రాయదుర్గము పల్లెలలో ఇంటిలో తెలుగును, పొరుగింట కన్నడమును వినెడి బాలునకు మూడవ భాషను అమెరికా చెవితో కొలుచుట ఎంతవరకు ఉచితమో, ప్రవేశపెట్టినప్పుడును విరమించినప్పుడును ఎవరును తగినంత చర్చింపలేదు. ఇదే సీమలో, 1969లో అనంతపురమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు గ్రామీణ పట్టభద్రులకు స్పానిషు, జర్మను, ఫ్రెంచి భాషలు నేర్పు పాఠశాలను నడుపుచున్నది. అచ్చటి ఆవరణమున స్పెయిను దేశపు అతిథియు తెలుగు కార్యకర్తయు ఆంగ్లమున మాటలాడుకొనునప్పుడు, ఆ ఇద్దఱిలో ఎవరికిని అది మాతృభాష కాదు. అయినను పని జరుగుచున్నది, బావి త్రవ్వబడుచున్నది, రోగికి మందు అందుచున్నది. ఆ సంభాషణమును తూచు పరీక్ష నేటికిని తగినంతగా ఏర్పడలేదు.

అట్టి పరీక్షను కూర్చు పనికి మనకు పూర్వోదాహరణములు లేకపోలేదు. 1978 నాటి భారతీయ రచనలనుండి పది లక్షల మాటలను ఏఱి కొల్హాపురమున ఎస్.వి. శాస్త్రి గారు భారతీయాంగ్లమునకు ఒక నిధిని కూర్చిరి. అనంతపురమున నేడు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము కలదు, కేంద్రీయ విశ్వవిద్యాలయము కలదు. ధర్మవరపు పట్టువర్తకుడు, గుంతకల్లు రైల్వే ఉద్యోగి, బత్తలపల్లి ఆసుపత్రి నర్సు, హిందూపురపు కార్ఖానా పనివాడు పరదేశస్థులతో మాటలాడు ఆంగ్లమును ఉన్నది యున్నట్లు సేకరించి, ఎచ్చట బోధపడుచున్నదో ఎచ్చట బోధపడుట లేదో విచారించి, ఆ సామగ్రితో మన పిల్లలకును, మన దేశమునకు వచ్చెడి పరదేశస్థులకును శ్రవణపరీక్షలు కూర్చవలసినదని ఆ రెండు విశ్వవిద్యాలయముల ఆంగ్లశాఖల వారికి నా విన్నపము. బ్రౌను దొరకు అర్జీలు సేకరించుటకు ఒక్క కచ్చేరియు కొందఱు పండితులును చాలిరి.